బయటి పీతలు

అక్టోబరు 4

అన్నయ్య మధ్యాహ్నం ఇంటికొచ్చి, బూట్లు విప్పకుండానే వంటింట్లో కూర్చున్నాడు. అంటే ఏదో అయిందన్నమాట. నేను అడగలేదు. అడిగితే చెప్పడు, అడక్కపోతే ఆగలేడు.

“ఒక పెట్టె పోయిందే” అన్నాడు చివరికి.

“పోవడమేంటి? ఎవరైనా ఎత్తుకెళ్లారా?”

“ఎత్తుకెళ్లినా బాగుండేది. తినేశాయి.”

వసంతంలో ఒక సీజను, ఇప్పుడొకటి. ఇది మొదలై వారం కాలేదు. కాలువలో తాళ్లకు వేలాడే చెక్కపెట్టెల్లో, రేపో మాపో డొప్ప విడిచే పీతల్నే ఉంచుతాం. డొప్ప విడిచిన పీత మైనంముద్దలా ఉంటుంది. అప్పుడు దాని డెక్కలు ఉన్నా లేనట్టే. వాటి మధ్య గట్టిడొప్పవి నాలుగు పడ్డాయంటే తెల్లారేసరికి కాళ్లముక్కలు మిగులుతాయి. అందుకే ఉప్పునీటి సరస్సు ఒడ్డున ఉన్న మా కియోజ్జా ఊళ్లో పడవ ఎవరిదైనా, వల ఎవరిదైనా, ఇంటిల్లిపాదికీ తిండి పెట్టేది మాత్రం బల్ల దగ్గర కూర్చుని ఏరేవాడి చెయ్యి. ఒకప్పుడు మా నాన్న చెయ్యి. ఆయన తర్వాత సాంతె అన్నయ్యది.

ఏరడమంటే పీతని ఎత్తి, తిరగేసి, పొట్టమడత అంచునా కాళ్ల కీళ్ల దగ్గరా సన్నటి గీత కోసం చూడటం. గీత బాగా తేలితే పెట్టెలోకి. ఇంకా మసగ్గా ఉంటే మంచివాటి బుట్టలోకి, కొన్నాళ్లు ఆగాలి. అసలు లేకపోతే అది పిచ్చిది, తిరిగి నీళ్లలోకి. చూడటం అని రాశాను గానీ అన్నయ్య ఎప్పుడూ చూసేవాడు కాదు. అవతలివాళ్లతో కబుర్లాడుతూ ముట్టుకునేవాడు, అంతే.

“నా చెయ్యి తప్పలేదే” అన్నాడు. “ఇవి మన పీతలు కావు. ఎవడో లారీవాడు బయటి సముద్రం నుంచి తెచ్చి, అమ్ముడుపోనివి కాలువలో పారబోసుంటాడు. వాటి గీత మనదానిలా ఉండదు. చూపించేదొకటి, చేసేదొకటి.”

జరగని విషయమేం కాదు. అట్లాంటిక్ పీతల్ని చేపల బజారుకి తేవడం నేనూ చూశాను, అంగడి నడిపిన రోజుల్లో. పక్కపక్కన పెడితే రెండూ ఒక తల్లి పిల్లల్లాగే ఉంటాయి. అదే ఆకుపచ్చ వీపు, కళ్లకి అటూ ఇటూ అవే అయిదేసి పళ్లు. మనదాని నుదురు కళ్ల మధ్య కాస్త ముందుకొచ్చి నున్నగా ఉంటుంది, బయటిదాని నుదుటికి మూడు బొడిపెలు. దాని వీపు ఒక పిసరు వెడల్పు. అయితే ఇవన్నీ వాదించుకోవడానికే పనికొస్తాయి. ఖాయంగా తెలియాలంటే మగపీతని వెల్లకిలా పట్టుకుని పొట్టమడత ఎత్తాలి. లోపల రెండు చిన్న పుల్లలుంటాయి, మగతనం అదే. మనదానికి అవి తిన్నగా పక్కపక్కనే ఉంటాయి. బయటిదానికి గొడవపడ్డ ఆలుమగల్లా చెరోవైపుకి ఒంగి ఉంటాయి.

“తిరగేసి చూశావా అన్నయ్యా?”

“చూడక్కర్లేదు. చేతికి తెలుస్తుంది.”

బయటివే అయ్యుంటాయి.

అక్టోబరు 5

వాన. పడవ తియ్యలేదు.

అక్టోబరు 8

రెండో పెట్టె కూడా పోయింది.

రొట్టెలకని బయటికెళితే కాలువగట్టు మీద కాఫీ తాగుతున్నవాళ్లలో ఒకడు పిలిచాడు. “దెల్ఫీనా, మీ అన్న పీతల్ని పాస్‌పోర్టు అడుగుతున్నాడంట కదా?”

“నీ దగ్గర మాత్రం ఉందేంటి?” అన్నాను. అందరూ నవ్వారు. నేను మలుపు తిరిగాక ఇంకెవడో “ఆడలేక మద్దెల ఓడు” అన్నాడు. నాకు వినపడాలనే అన్నాడు.

అక్కణ్నుంచి మా మరిది తుల్లియో ఇంటికి వెళ్లాను. పోయిన నెలలో మోకాలు కోయించుకుని కాలు కుర్చీ మీద పెట్టుకు కూర్చున్నాడు. మా ఆయన పోయినా ఈ చుట్టరికం పోలేదు. అన్నయ్యా తుల్లియో ఒకే పడవలో ముసలాళ్లయ్యారు. నేను తెచ్చిన చారు రుచి చూసి, “వదినా, ఇది తాగితే రెండో మోకాలు కూడా పోయేట్టుంది” అన్నాడు.

“పోతే పోయింది, ఇంట్లో పడుంటావు.”

“ఎన్ని పెట్టెలు పోయాయి?”

“ఒకటి.”

“రెండని విన్నానే.”

“విన్నాక అడగడం దేనికి?”

గిన్నె పక్కన పెట్టాడు. “వచ్చేవారం పనిలోకి వచ్చేస్తా” అన్నాడు.

“డాక్టరు నెలన్నాడు కదా.”

“డాక్టరుకి పీతలున్నాయా ఏంటి?”

అక్టోబరు 9

పోయిన పెట్టెలో మిగిలిన గట్టివాటిని బకెట్లో వేసుకుని ఇంటికి తెచ్చాను. పెరట్లో కూర్చుని చూశాను. ఒకదాని వీపు వెడల్పుగా ఉంది. బాగా వెడల్పుగానే ఉంది. నుదురు సంగతి చెప్పలేను, కళ్లజోడు పాతది. తిరగేసి పొట్టమడత ఎత్తబోతే వేలు పట్టేసింది. వదిలేశాను. అంగట్లో ఇన్నేళ్లు కూర్చున్నా నా వేలు ఏ పీతకీ దొరకలేదు.

బయటిదొకటి కనిపించిందని భోజనం దగ్గర అన్నయ్యతో చెప్పాను.

“చెప్పానా?” అన్నాడు. పొలెంతా సంకటి రెండోసారి వడ్డించుకున్నాడు. నాలుగు రోజులుగా ముద్ద మింగనివాడు.

అక్టోబరు 10

కొత్త కళ్లజోడుకి ఇచ్చి వచ్చాను. ఇంకేం లేదు.

అక్టోబరు 13

అన్నయ్య రక్తపోటు మాత్రలకి మందులషాపుకి వెళ్లాం. కౌంటరు దగ్గర కొత్త పిల్ల. “పేరు?” అంది. “బోస్కొలో సాంతె” అన్నాడు అన్నయ్య. ఆ పిల్ల తెరమీద వెతికి, “చాలామంది ఉన్నారండీ. ఏ బోస్కొలో?” అంది.

ఊళ్లో సగంమంది బోస్కొలోలే. అందుకే ప్రతి కుటుంబానికీ ఇంకో పేరుంటుంది, పన్ను కాగితాల్లో కూడా అదే రాస్తారు. మేం స్కుఫియావాళ్లం, అంటే టోపీవాళ్లం. ముత్తాత ఎవరో చర్చిలో టోపీ తియ్యలేదట, ఆ పేరు అలా అతుక్కుపోయింది. పాలు మరవని పిల్లలకి ముందు నేర్పేది అదే.

అన్నయ్య నిలబడ్డాడు. ఆ పిల్ల కూడా చూస్తూ నిలబడింది. ఆయన కౌంటరు మీద చెయ్యి పెట్టి చెక్కని తడిమాడు, అక్కడ రాసి ఉంటుందన్నట్టు.

“స్కుఫియా” అన్నాను వెనకనుంచి.

బయటికొచ్చాక, “ఆ పిల్ల గొణిగింది, ఏమడిగిందో నాకు వినపళ్లేదు” అన్నాడు. నిజమే, గొణుగుతుంది.

అక్టోబరు 16

తుల్లియో కుంటుకుంటూ పనిలోకి వచ్చాడు. చేతికర్రని పడవలో తెడ్ల పక్కన పెడితే అన్నయ్య, “బావా, దాంతో కూడా తొయ్యి, జోరుగా పోతాం” అన్నాడట. ఇద్దరూ నవ్వుతూ ఇంటికొచ్చారు.

అక్టోబరు 19

పెట్టెలన్నీ బాగున్నాయి. ఒక్క కాలు కూడా తెగలేదు. లారీవాడు మానేసినట్టున్నాడు.

అక్టోబరు 20

ఈ సీజనుకి మొదటిసారి మెత్తపీతలు వండాను. గిలక్కొట్టిన గుడ్లసొనలో బతికున్నవాటినే వదిలి మూతపెట్టి, మన పని మనం చేసుకోవాలి. సొన తాగి కడుపు నింపుకుంటాయి. తర్వాత పిండిలో దొర్లించి నూనెలో వెయ్యడమే. మూత కింద గీరుకుంటున్న చప్పుడు వింటూ నేను ఎర్ర ఆకుకూర తరిగాను. చిన్నప్పుడు ఆ చప్పుడు వస్తే బయటికి పారిపోయేదాన్ని. ఇప్పుడు అది లేకపోతే పీతలు బాగాలేవేమోనని మూత తీసి చూస్తాను.

తుల్లియోని కూడా పిలిచాం. అన్నయ్య ఒకటి కొరికి కళ్లు మూసుకున్నాడు. “ఇదీ మనదంటే. బయటిదానికి ఈ రుచి ఎక్కణ్నుంచి వస్తుంది?”

తుల్లియో “అవును బావా” అన్నాడు. తల ఎత్తలేదు. ఇదివరకు ఈ బల్ల దగ్గర కూర్చుంటే “ఇవాళ పిచ్చివి ఎన్ని పడ్డాయో తెలుసా వదినా” అని మొదలుపెట్టేవాడు. ఈమధ్య ఆ మాట మా ఇంట్లో అనడం మానేశాడు. దానికి బదులు ‘నీళ్లలోవి’ అంటున్నాడు.

అక్టోబరు 24

మధ్యాహ్నం భోజనం పట్టుకుని, పీతలు ఏరే షెడ్డుకి వెళ్లాను. అన్నయ్య చుట్ట కాల్చుకోవడానికి గట్టు మీదికి వెళ్లినట్టున్నాడు, వీపు కనిపిస్తోంది. లోపల తుల్లియో మోకాలి నొప్పితోనే నేలమీద గొంతుక్కూర్చుని, అన్నయ్య ఏరిపెట్టిన బుట్టలోంచి పీతల్ని ఒక్కొక్కటే తీసి తిరగేస్తున్నాడు. కొన్నిటిని పక్క బుట్టలో వేస్తున్నాడు. నీళ్లలో పడెయ్యమన్న బుట్టలోంచి కూడా తీస్తున్నాడు. కొన్ని కాదు, చాలా తీస్తున్నాడు.

నన్ను చూశాడు. చెయ్యి ఆపలేదు.

తుల్లియోకి ముందునుంచీ చాదస్తమే. ఇంటికి తాళం వేసి మూడుసార్లు లాగి చూసేవాడు.

అక్టోబరు 25

అన్నయ్య క్షవరానికి వెళ్లిన టైములో తుల్లియో వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

“వదినా, పోయిన వసంతం సీజను నుంచి చేస్తున్నా.”

“ఏం చేస్తున్నావ్?”

“నీకు తెలుసు.”

“నాకేం తెలుసు? నేనెప్పుడైనా పడవ ఎక్కానా?”

“నేను మంచం మీదున్న రోజుల్లోనే పెట్టెలు పోయాయి. నేనొచ్చాక పోలేదు. లారీవాడికి నా మోకాలితో ఏం సంబంధం చెప్పు.”

నేను ఉల్లిపాయలు అందుకున్నాను.

“బావని బల్ల దగ్గర్నుంచి లేపాలి. నావల్ల కాదు. ఈ పని నాకు నేర్పిందే ఆయన. నువ్వు చెల్లెలివి, నువ్వు చెప్పు.”

“ముందు ఆ పీతలు మనవో కాదో తేలనీ.”

“తిరగేసి చూశావా?”

“చూశాను.”

“చూస్తే?”

వైన్ పోసిచ్చాను. నిలబడే తాగి గ్లాసు కడిగి బోర్లించి వెళ్లిపోయాడు. తుల్లియో మా ఇంట్లో గ్లాసు కడగడం ఇదే మొదటిసారి.

అక్టోబరు 28

ఒత్తావియా అనే అమ్మాయి పరిశోధనకని మా గట్టుమీద పీతలు కొంటుంటుంది. మర్యాదస్తురాలు. ఒక బకెట్ నిండా వేసుకుని తీసుకెళ్లి, వీటిలో బయటివి ఏవో చెప్పమన్నాను. నా చేత్తో నేనే అన్నయ్య బుట్టలోంచి ఏరుకొచ్చినవి, వీపు వెడల్పనిపించినవే.

అక్కడే గట్టుమీద కూర్చుని ఒక్కోదాన్నీ కొలిచింది. నుదురు చూసింది, తిరగేసి పొట్టమడత ఎత్తి చూసింది. తొందరపడలేదు. బకెట్ ఖాళీ అయింది.

“అన్నీ ఇక్కడివే దెల్ఫీనా గారూ.”

“ఒక్కటైనా ఉండకపోతుందా? సరిగ్గా చూడమ్మాయ్.”

“ఒక్కటి దొరికినా నాకు పండగేనండీ. ఏళ్ల తరబడి వెతుకుతున్నా, ఈ సరస్సులో నాకింతవరకూ తగల్లేదు.” బకెట్ నాకు అందిస్తూ, “ఎందుకు అడుగుతున్నారు?” అంది.

“ఊరికే.”

దారిలో ఆ పిల్లమీద కోపం వచ్చింది. ఒక్కటి ఉందని అంటే దాని సొమ్మేం పోయింది? ఇంటికొచ్చాక ఆ కోపమూ పోయింది. ఆ అమ్మాయి చెప్పింది నాకు కొత్త సంగతి కాదు. ఈ నెల పదో తారీఖున బకెట్లో ఉన్నవాటినన్నిటినీ ఎండలో కూర్చుని తిరగేసి చూశాను. తిన్నగానే ఉన్నాయి. ఆరోజు ఇక్కడ కళ్లజోడు గురించి రాశాను.

అక్టోబరు 31

అన్నయ్య కోటు కూడా విప్పకుండా నా దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి చెప్పాడు.

“లారీవాడు కాదే. తుల్లియో.”

“తుల్లియో ఏంటి?”

“వాడే కలుపుతున్నాడు. నేను గట్టుమీదికి వెళ్లగానే నా బుట్టల్లో చెయ్యి పెడుతుంటే చూశాను. ఒకరోజు కాదు. నన్ను లేపి బల్ల దగ్గర తను కూర్చోవాలని. ఇన్నాళ్లూ పక్కన పెట్టుకున్నాను, చూశావా.”

“తుల్లియో అలాంటోడు కాదన్నయ్యా.”

“నీ మరిది కదా, నువ్వంతే అంటావు.”

నాకు భయం వేసింది. ఇప్పటిదాకా పీతల గురించే భయపడుతున్నాననుకున్నాను.

నవంబరు 2

చనిపోయినవాళ్ల పండగ. పూలు పట్టుకుని సమాధుల దగ్గరికి వెళ్లాం. అన్నయ్య నాన్న రాయి ముందు నిలబడి చాలాసేపు మాట్లాడాడు, బయటి పీతల గురించి, తుల్లియో గురించి. పక్క సమాధి దగ్గర మా ఆయన రాయి తుడుస్తూ తుల్లియో నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు.

నవంబరు 3

అనుకున్నంతా అయింది. పొద్దున పడవలు వచ్చే వేళకి, గట్టుమీద అందరూ ఉండగా, అన్నయ్య తుల్లియో చేతికర్ర తీసి నేలమీద పెట్టాడట. “రేపట్నుంచి రావొద్దు. దొంగలతో పనిచేసే అలవాటు మా ఇంట్లో లేదు” అన్నాడట. తుల్లియో వంగి కర్ర తీసుకుని వెళ్లిపోయాడట.

ఇదంతా కాఫీ దగ్గరివాళ్లే నాకు చెప్పారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

నవంబరు 5

రెండు పెట్టెలు.

నవంబరు 6

ఇవాళ నేనే వెళ్లాను, తుల్లియో కూర్చునే చోట కూర్చున్నాను. పొగమంచు, చలి. అన్నయ్య ఏటవాలు బల్ల మీద పీతల కుప్పలోంచి తీస్తున్నాడు. నేను బుట్టలు జరుపుతున్నాను. ఆయన చెయ్యి ఎప్పటిలాగే వేగంగా ఉంది. చూసేవాళ్లకి ఏ తేడా తెలియదు. పీతని ముట్టుకుంటాడు, పడేస్తాడు. ఎక్కడ పడితే అక్కడ పడేస్తున్నాడు.

ఒకదాన్ని పట్టుకుని ఆగాడు. తనే తిరగేసి, బొటనవేలి గోటితో పొట్టమడత ఎత్తి, నా ముందు పెట్టాడు.

“చూడు. ఒంగి లేవూ?”

చూశాను. “లేవన్నయ్యా. తిన్నగానే ఉన్నాయి.”

“సరిగ్గా చూడు.”

“చూశాను. ఇది మనదే. అన్నీ మనవే. మొదటి పెట్టెలోవి కూడా మనవే.”

పీతని బల్ల మీద పెట్టాడు. అది పక్కకి పాక్కుంటూ వెళ్లి ఏదో బుట్టలో పడింది. ఇద్దరిలో ఎవరమూ దాన్ని తియ్యలేదు.

“అయితే నా చెయ్యే” అన్నాడు.

“అవును.”

“తుల్లియో?”

“నీ తప్పులు దిద్దుతున్నాడు. వసంతం నుంచి. నీకు తెలియకూడదని నువ్వు చుట్ట కాల్చేటప్పుడు ఏరుతున్నాడు.”

అన్నయ్య ముఖం మారిపోయింది. నాన్న పోయినరోజు కూడా ఆ ముఖం చూడలేదు. రెండు చేతులూ గుడ్డతో తుడుచుకున్నాడు, వేలు వేలుకీ. లేచి, స్టూలుని బల్ల కిందికి తోశాడు.

“రేపట్నుంచి వాణ్ని కూర్చోమను. నేను వెళ్లి తప్పయిందని చెప్తాను.”

ఇంటిదాకా నా వెనకే నడిచాడు. ఏమీ తినలేదు. పాపం అనిపించింది, మనసు తేలికపడింది కూడా. చెప్పాల్సింది చెప్పేశాను, కష్టమైనది అయిపోయింది.

నవంబరు 7

అయిపోలేదు.

పొద్దున నేను లేచేసరికే వెళ్లిపోయాడు. తుల్లియో ఇంటికి వెళ్లుంటాడనుకున్నాను. షెడ్డుకి వెళ్లి చూస్తే స్టూలు మీద కూర్చుని ఏరుతున్నాడు.

“వచ్చావా? తుల్లియో ఏడే? ఇంకా మోకాలేనా?” అన్నాడు. తర్వాత ఒక పీతని ఎత్తి పట్టుకుని, “చూడు, ఇవి మన పీతలు కావు. ఎవడో లారీవాడు” అని మొదలుపెట్టాడు.

నాతో ఆటలాడుతున్నాడేమోనని ముఖంలోకి చూశాను. లేదు.

మళ్లీ చెప్పాను, నిన్న చెప్పినట్టే, ఆ వరసలోనే. “అయితే నా చెయ్యే” అన్నాడు. మళ్లీ అదే ముఖం. చేతులు తుడుచుకోవడం, స్టూలు కిందికి తొయ్యడం.

నవంబరు 8

ఇవాళ కూడా చెప్పాను.

నవంబరు 9

తుల్లియో ఇంటికి వెళ్లాను. తలుపు తీసి, లోపలికి రమ్మనకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

“పనిలోకి రా” అన్నాను.

“నన్ను దొంగన్నాడు వదినా. అందరి ముందూ.”

“అన్నయ్యకి గుర్తు లేదు.”

“నాకుంది.”

మూడు రోజులుగా ఏం జరుగుతోందో చెప్పాను. రోజూ చెప్తున్నాను, రోజూ వింటున్నాడు, తెల్లారేసరికి పోతోంది. పోయేవి నేను చెప్పిందీ, తుల్లియోని అన్నదీ మాత్రమే. బల్ల, స్టూలు, లారీవాడు పోవడం లేదు.

“అంటే రోజూ కొత్తగా తగులుతోందా?”

“రోజూ. నిన్న మాత్రం చేతులు తుడుచుకుంటూ ఏడ్చాడు.”

తుల్లియో తలుపు పూర్తిగా తీశాడు. వంటింట్లో కూర్చున్నాం. పొయ్యిమీద ఏదో మాడుతుంటే లేచి ఆపాడు.

“షెడ్డుకి తాళం వేసేస్తే?” అన్నాడు.

“తాళం పగలగొడతాడు. లేదంటే గట్టుమీద కూర్చుని వచ్చేపోయేవాళ్లని అడుగుతాడు, నా బల్ల ఏదని.”

“మరి నన్నేం చెయ్యమంటావ్?”

“నాకు తెలిస్తే నీ దగ్గరికెందుకు వస్తాను?”

చాలాసేపు మోకాలు రుద్దుకున్నాడు. “రెండుసార్లు ఏరడం నాకు కొత్తేం కాదులే. ఆయన ఏరాక మళ్లీ ఏరుతా, ఆ షెడ్డులో కాకుండా మా వాకిట్లో పెట్టుకుని. బుట్టలు బండిమీద పంపించు. కానీ వదినా, ఒకటి. లారీవాడనే ఉండనీ. నా పేరు రానివ్వకు. ఇంకోసారి ఆ మాట పడలేను.”

“రానివ్వను.”

“నువ్వు అబద్ధం చెప్పగలవా? అంగట్లో నిన్నటి చేపని ఇవాళ్టిదని ఒక్కసారి కూడా అనలేకపోయావని మా అన్న నవ్వేవాడు.”

“వెళ్లొస్తాను” అన్నాను.

నవంబరు 11

సాన్ మార్తీన్ పండగ. పిల్లలు పొద్దున్నుంచీ గిన్నెలూ మూతలూ కొట్టుకుంటూ వీధులన్నీ తిరుగుతున్నారు. షెడ్డు ముందుకి వచ్చి గోల చేస్తే అన్నయ్య జేబులోంచి బిస్కెట్లు తీసి పంచాడు. హుషారుగా ఉన్నాడు.

వాళ్లు వెళ్లాక ఏరడం మొదలుపెట్టాడు. నేను పక్కన కూర్చున్నాను. కాసేపటికి చెయ్యి ఆగింది. ఒక పీతని తిరగేసి, గోటితో పొట్టమడత ఎత్తి, నా కళ్ల ముందు పెట్టాడు.

“ఇది చూడవే. మనదేనా?”

కొత్త కళ్లజోడు పెట్టుకునే ఉన్నాను. రెండు పుల్లలూ తిన్నగా, పక్కపక్కనే ఉన్నాయి. డొప్ప అంచు అప్పటికే విడుతోంది. మధ్యాహ్నానికి మెత్తబడేది.

“కాదన్నయ్యా” అన్నాను. “బయటిదే.”

“నేను చెప్పలా? లారీవాడి పనే ఇది. తుల్లియోకి కూడా చెప్పు, జాగ్రత్తగా ఉండమని. దీన్ని అవతల పారెయ్, మనవాటిలో కలిస్తే అన్నిటినీ తినేస్తుంది.”

తీసుకుని గట్టు దాకా వెళ్లి కాలువలో వదిలాను. అది ములిగిపోయింది. వెనక్కి వచ్చేసరికి అన్నయ్య ఇంకోదాన్ని పట్టుకుని, తలుపు దగ్గర నిలబడ్డ ఎవరితోనో కబుర్లాడుతూ, చూడకుండానే ముట్టుకుంటున్నాడు.

సాయంత్రం బుట్టలు తుల్లియో వాకిట్లోకి పంపాను. మళ్లీ ఏరడం అయ్యాక తుల్లియో కబురు పంపాడు, అన్నీ పెట్టెల్లో వేశానని.

నవంబరు 14

ఇవాళ బయటివి మూడు దొరికాయి. అన్నయ్యే పట్టాడు.